మా అత్త పెట్టని గీత

మా ఇంట్లో రాయి అంటే కోయడానికే. దాన్ని చూసి మురిసిపోవడం బయటివాళ్ళ పని, మాకంత తీరిక లేదు. ముడిరాయి సంచుల్లో వస్తుంది, నాన్న రంపం కింద ముక్కలవుతుంది, నా సాన మీద మెరుపెక్కుతుంది, పెదనాన్న చేతుల మీదుగా నగల షాపులకు పోతుంది. ఈ దారిలో అన్నిటికన్నా ముందు తగిలేది మా మేనత్త బల్ల. ఏ రాయిని ఎక్కడ కోయాలో సిరాతో గీత పెట్టేది ఆవిడే.

పెదనాన్నకి చెల్లెలు, నాన్నకి అక్క. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "కుదర్లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేసేది. దాని వెనకేదో పెద్ద కథ ఉండి ఉంటుందని వెతకబోయినవాళ్ళందరూ ఉత్త చేతులతో వెనక్కి వచ్చారు. కార్ఖానాలో ఆవిడకీ వాటా ఉంది. ఆ సంగతి ఆవిడ తనంతట తాను ఎన్నడూ ఎత్తలేదు, ఎవరినీ మరిచిపోనివ్వనూ లేదు.

ఆవిడ బల్ల వీధివైపు కిటికీ పక్కన ఉంటుంది. దాని మీద ఓ నీళ్ళ గిన్నె, అరిగిపోయిన మెత్తటి గుడ్డ, సన్నటి మొన ఉన్న నల్లసిరా పెన్ను. రాయిని నీళ్ళలో ముంచి వెలుతురుకి ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి, తనకి తెలియకుండానే నోరు తెరుచుకుని చూస్తుంది. ఆ నోరు తెరిచి ఉన్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు. బయట మనిషి వచ్చి తలుపు కొడుతున్నా సరే, మేం గుడ్లప్పగించి నిలబడాల్సిందే. తర్వాత నోరు టక్కున మూసుకుంటుంది, పెన్ను అందుకుంటుంది, గీత పడుతుంది. ఆ గీతని మళ్ళీ చెరపడం నేనెప్పుడూ చూడలేదు.

గీతలకి మా కార్ఖానాలో ఓ పద్ధతుంది. మా తాతయ్య పెట్టింది. రాయి పగిలిన ప్రతిసారీ నీ వల్లంటే నీ వల్లని కొట్టుకు చస్తున్నారని విసిగిపోయి ఆయన ఓ మాట తేల్చాడట. గీత పెట్టిన మనిషి రాయికి పూచీ, రంపం పట్టిన మనిషి గీతకి పూచీ. గీత పెట్టే మనిషి ఒక్కరే ఉండాలి, ఆ మనిషి చేతి గీత లేకుండా రంపం తిరగకూడదు. తాతయ్య పోయాక ఈ పద్ధతిని ప్రాణంలా కాపాడింది పెదనాన్నే. చిన్న రాయే కదా అని నాన్న ఓసారి గీత లేకుండా కోస్తే, అన్నం ముందు నుంచి ఎంగిలి చేత్తో లేచొచ్చి మరీ దులిపేశాడు. నాన్న ఆరోజు మారు మాట్లాడలేదు. కానీ నాన్నకి జ్ఞాపకశక్తి ఎక్కువ.

అత్త చేతిలో ఇంకో అధికారం కూడా ఉంది. రాయిని చూసి "ఇది కోతకి రాదు" అని పక్కన పెడితే ఎందుకు రాదని అడిగేవాడు లేడు. బీటలుండొచ్చు, లోపల మబ్బు పట్టి ఉండొచ్చు. అలా పక్కన పడ్డవాటిని ఏడాదికోసారి పారబోసేవాళ్ళం. వాటిలోంచి కొన్ని ఏరుకుని తన గదికి తీసుకుపోవడం అత్త ఎప్పుడు మొదలుపెట్టిందో మాలో ఎవరికీ గుర్తులేదు.

అన్నీ ఒకే జాతి. మేం నీళ్ళరాయి అంటాం, షాపుల్లో ఆక్వామెరీన్ అంటారు. భూమిలోంచి వచ్చేటప్పుడే దానికి ఆరు పలకలుంటాయి. చెక్కిన పెన్సిలు కాదు, ఇంకా చెక్కని పెన్సిలు లాగా నిటారుగా, కొస చదునుగా ఉంటుంది. పెరిగిన చోటి నుంచి ఊడి రాకుండా తెల్లటి తల్లిరాయితో సహా వచ్చిందంటే అత్తకి పండగే. ఆవిడ గది అలమరలో బట్టలు ఒక అరకి సర్దుకుపోయాయి, మిగతా అరలన్నీ ఈ స్ఫటికాలవే. గోరువెచ్చటి నీళ్ళలో, మెత్తటి పళ్ళబ్రష్షుతో ఒక్కోదాన్నీ కడిగేది. సందుల్లో ఎండిన మట్టిని సూదితో తీసేది. ఏ పలక బాగుందో చూసి అది ముందుకొచ్చేలా, పడిపోకుండా కింద మైనం అద్ది నిలబెట్టేది.

"మా వదినకి పిల్లల్లేరని ఎవరన్నారు, రోజూ ఇంతమందికి స్నానాలు చేయిస్తుంటే" అనేది అమ్మ.

"ఇవి ఎదురు చెప్పవు. అందుకే చేయిస్తున్నా" అనేది అత్త.

వాటిలో ఒకటి వంకర టింకరగా ఉండేది. భూమిలో ఉండగానే విరిగి, మళ్ళీ అక్కడికక్కడే పెరిగి అతుక్కుందట. కొంచెం పక్కకి జరిగి అతుక్కోవడంతో నడుం పట్టేసిన మనిషిలా నిలబడేది. మేమందరం దాన్ని చూసి నవ్వితే అత్తకి ఒళ్ళు మండేది. "విరిగింది. ఎవరి జిగురూ అడక్కుండా తనంతట తనే అతుక్కుంది. మీలో ఎవరికైనా చేతనవుతుందా?" అని దాన్ని ముందు వరసలోకి జరిపేది.

పెదనాన్న మాత్రం ఆ గది గుమ్మం తొక్కేవాడు కాదు. చెత్త పోగేస్తోంది, పోగేసుకోనీ అనేవాడు. చెత్త అన్నంతకాలం గొడవ లేదు.

లోకంలో ఇంకొందరికి కూడా ఈ పిచ్చి ఉందని మాకు తెలిసింది మా వీధి చివర పళ్ళ డాక్టరుగారి వల్ల. ఉంగరంలో రాయి వదులైందని వచ్చి, అత్త బల్ల మీద కడిగి ఆరబెట్టిన స్ఫటికాన్ని చూసి ఉంగరం సంగతే మరిచిపోయాడాయన. తన ఇంట్లో అద్దాల బీరువాల నిండా ఇవే ఉన్నాయన్నాడు. కొస విరక్కుండా, పలకలు గీరుకుపోకుండా, తల్లిరాయి మీద కూర్చున్నది దొరికితే పోగుచేసేవాళ్ళు ప్రాణం పెడతారన్నాడు. అత్త ముఖం చిట్లించుకునే విన్నది. ఆయన వెళ్ళాక మాత్రం, "మనలాంటివాళ్ళు ఇంకా ఉన్నారన్నమాట" అంది. ఆ వారమంతా చాలా సంతోషంగా ఉంది. ఏంటత్తా విశేషం అంటే ఏం లేదు పొమ్మంది. అప్పటి నుంచి వాళ్ళిద్దరికీ రాకపోకలు. కలిస్తే ఒకటే వాదన, ఏ రాయికి ఏ వైపు ముందుండాలని.

అప్పుడు వచ్చింది ఆ రాయి.

మామూలు సంచిలోనే, మామూలు రాళ్ళ మధ్యనే వచ్చింది. తెల్లటి తల్లిరాయి మీద నిటారుగా నిలబడి, నా అరచేయంత పొడవు. అడుగున పల్చటి ఆకుపచ్చ, పైకి పోయేకొద్దీ నీలం. ఆరు పలకల్లో ఒక్కదాని మీదా గీరు లేదు, కొస చెక్కుచెదర్లేదు. పుట్టినప్పటి నుంచీ ఈ రాళ్ళ మధ్యే ఉన్నాను, ఒక రాయిని చూసి నా చేతులు వాటంతటవే సాన మీంచి పక్కకి రావడం అదే మొదటిసారి.

పెదనాన్న కూడా చూశాడు. ఆయన చూపు వేరు. పెద్ద నగల షాపు ఒకటి హారం మధ్యలో పొదగడానికి పెద్ద నీళ్ళరాయి కావాలని ఆయన ప్రాణం తోడేస్తోంది. "దొరికింది" అని తొడ చరిచాడు. "ఈ పచ్చదనం కొలిమిలో కాలిస్తే పోతుంది. నడిమికి ఒక్క కోత, అంతే. గీత పెట్టు."

అత్త రాయిని ముంచింది, ఎత్తింది, నోరు తెరిచింది. ఎంతకీ మూయలేదు. నాన్న రంపం ఆపి తొంగి చూశాడు. చివరికి నోరు మూసుకుంది కానీ చెయ్యి పెన్ను మీదకి పోలేదు.

"కోతకి వస్తుంది" అంది. "బ్రహ్మాండంగా వస్తుంది. నేను గీత పెట్టను."

పెదనాన్నకి ముందు అర్థం కాలేదు. "వస్తుందంటున్నావుగా?"

"వస్తుంది. పెట్టను."

"ఎందుకు పెట్టవు?"

"నాకు నచ్చింది, అన్నయ్యా. ఈ బల్ల దగ్గర కూర్చున్నప్పటి నుంచి ఎన్ని రాళ్ళు నీకు కోతకి ఇచ్చానో నీకు తెలుసు. కోతకి వచ్చే ఒక్కదాన్నీ వద్దనలేదు. దీన్ని వద్దంటున్నా."

"నచ్చినవన్నీ దాచుకుంటే కార్ఖానా దేనికి? మూసేసి నీ అలమర ముందు కూర్చుందామా అందరం?"

"అందరూ ఎందుకు, నేను కూర్చుంటా. మీరు పని చేసుకోండి."

పెదనాన్న ముఖం ఎర్రబడింది. ఆయన చెప్పులేసుకుని బయటికి పోయాక అమ్మ పరుగున వచ్చి అత్త చెయ్యి పట్టుకుంది. "వదినా, బీట ఉందని ఒక్క మాట అంటే పోయేదానికి ఎందుకింత రాద్ధాంతం? నిన్ను అడిగేవాడెవడు? సాయంత్రానికి నీ అలమరలో ఉండేది."

"ఉంటే అంటాను" అంది అత్త. "లేని బీట ఉందని చెప్పి ఇది పట్టుకుపోతే, ఇన్నాళ్ళూ నేను పట్టుకుపోయినవన్నీ ఏమవుతాయి? దొంగసొత్తవుతాయి. నేను పక్కన పెట్టిన ప్రతి రాయి మీదా అన్నయ్యకి అనుమానం వస్తుంది. రావాలి కూడా."

నాకు ఆవిడని చూసి గర్వం, భయం రెండూ కలిగాయి. ఒక్క చిన్న అబద్ధంతో రాయి దక్కేది. ఆవిడ దాన్ని నిజంతోనే దక్కించుకుంటానంటోంది. అలా దక్కుతుందన్న నమ్మకం నాకు లేదు.

ఆ తర్వాత మా ఇంట్లో జరిగినదాన్ని యుద్ధం అనాలో, నాటకం అనాలో తెలియదు. ఎదురెదురుగా కూర్చుని అన్నం తింటూ ఒకరితో ఒకరు నా ద్వారా మాట్లాడుకునేవాళ్ళు. "మీ అత్తకి చెప్పవే, షాపువాళ్ళు మళ్ళీ అడిగారని" అనేవాడు పెదనాన్న. "విన్నానని చెప్పవే" అనేది అత్త. "రేపు ఆవిడ పోయాక ఆ రాయిని ఎవరు చూస్తారో అడుగు." "రేపటి సంగతి రేపటివాళ్ళు చూసుకుంటారు, నేనుండగా మాత్రం రంపం ఎక్కదని చెప్పు." ఇద్దరి మధ్యా నా అన్నం చల్లారిపోయేది. మా వంశంలో ఆస్తుల కన్నా ముందు మొండితనం పంచుకున్నారు, అది మాత్రం ఎవరికీ తక్కువ రాలేదు.

రాయి అత్త బల్ల మీదే, అందరి కళ్ళ ముందే ఉంది. గదిలో పెట్టి తాళం వేసుకోమని నేనే చెప్పాను. "దాచడానికి నేనేం తప్పు చేశాను?" అంది.

ఇంతలో అత్తకి పన్ను నొప్పి వచ్చింది. ఎంత మొండిమనిషైనా పన్నుకి లొంగాల్సిందే. డాక్టరుగారి దగ్గరికి బయల్దేరింది. అత్త వీధి మలుపు తిరగడం చూసి పెదనాన్న వెళ్ళి ఆవిడ కుర్చీలో కూర్చున్నాడు. ఆ కుర్చీలో ఇంకో మనిషిని నేనెప్పుడూ చూడలేదు.

"పెదనాన్నా, అత్తని రానివ్వు" అన్నాను.

"నువ్వు నీ సాన చూసుకో" అన్నాడు.

పెన్ను తీశాడు. అలవాటు లేని చెయ్యి కావడంతో గట్టిగా నొక్కి, లావుగా, స్ఫటికం నడుం మీద గీత గీశాడు. ఆ గీత ఉన్నచోట ఉండలేదు. ఒక మూల సిరా తనంతట తనే లోపలికి పాకడం మొదలుపెట్టింది. వెంట్రుకంత సన్నగా, ఏటవాలుగా, అడుగుకి జారుతూ. పెదనాన్న గబగబా గుడ్డతో తుడిచాడు. ఆ మూల పైసిరా పోయింది, లోపలిది నల్లగా అలాగే ఉంది. మా ఎవరికీ కనబడని బీట అక్కడ ఉంది. అత్తకి కూడా కనబడని బీట.

అత్త దవడ వాచి, నోట్లో దూది పెట్టుకుని వచ్చింది. బల్ల చూడగానే జరిగింది తెలిసిపోయింది. కేకలేస్తుందనుకున్నాను. వేయలేదు. రాయిని నీళ్ళలో ముంచి, వెలుతురుకి ఎత్తి, దూదితో సహా నోరు తెరిచి చూసింది. తర్వాత దూది తీసి చేతిలో పట్టుకుంది.

"బీట ఉంది" అంది. "నేను చూడలేదు."

ఆ మాట ఆవిడ నోట ఎన్నడూ విని ఉండలేదు మేం. పెదనాన్నకి కోపం కూడా దిగిపోయింది. "ఎలా చూస్తావే, ముందే మనసు పడ్డావుగా" అన్నాడు మెల్లగా. "పోనీలే. ఇంక ఇందులో హారానికి రాయి రాదు. కోతకి రాదని పక్కన పెట్టెయ్, నీ అలమరలో పెట్టుకో. గొడవ వదిలిపోతుంది."

అందరం ఊపిరి పీల్చుకున్నాం. అమ్మ అప్పటికే అత్తకి గొంతులోకి ఏదైనా వేడిగా పోద్దామని లేచింది. దారి దానంతటదే దొరికింది, అదీ అబద్ధం లేకుండా. ఇంకెవరైనా అయితే రాయి తీసుకుని గదిలోకి పోయేవారు.

"కోతకి రాదని ఎవరన్నారు?" అంది అత్త.

అమ్మ ఉన్నచోటే ఆగిపోయింది.

"బీట అడుగు భాగంలో ఉంది. పై సగం శుభ్రంగా ఉంది. హారానికి నడిమి రాయి రాదు. చెవులకి జత వస్తుంది, మంచి జత వస్తుంది. వస్తుందని చెప్తున్నా. అయినా గీత పెట్టను."

"నీకు పన్ను పీకారా, బుర్ర పీకారా వదినా?" అని అమ్మ తల పట్టుకుంది. "ఇస్తానంటుంటే తీసుకోవేం?"

"చెత్త కింద ఇస్తే నాకొద్దు" అంది అత్త. మాట ముద్దగా వస్తోంది, దవడ వాపు వల్ల. అయినా ఒక్క అక్షరం మింగలేదు. "ఇది చెత్త కాదు. మంచి రాయని తెలిసి, కోయొచ్చని తెలిసి, కోయకుండా ఉంచుతానంటే ఉంచు అన్నయ్యా. లేదంటే కోసెయ్. నీ గీత ఉండనే ఉంది."

రాయిని తీసుకెళ్ళి రంపం దగ్గర నాన్న చేతిలో పెట్టింది. "కొయ్యరా. నేను ఇక్కడే నిలబడి చూస్తాను."

రంపం తిరుగుతూనే ఉంది, దాని మీద నీళ్ళ ధార పడుతూనే ఉంది. నాన్న ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. అన్నకీ అక్కకీ మధ్య నోరు మెదపకుండానే సగం జీవితం గడిపేశాడు. రాయిని అటూ ఇటూ తిప్పి, మిగిలిన నల్లగీతని చూశాడు. పెదనాన్న వైపు చూశాడు.

"కొయ్యి" అన్నాడు పెదనాన్న. గొంతులో పస లేదు.

నాన్న స్విచ్చి ఆపేశాడు. రంపం కాసేపు గిర్రున తిరిగి, మెల్లగా ఆగింది.

"ఇది అక్క పెట్టిన గీత కాదు" అన్నాడు. "వేరేవాళ్ళ గీత మీద నేను కొయ్యను. ఇది నాన్న పెట్టిన పద్ధతి. అన్నం మధ్యలో లేచొచ్చి మరీ నువ్వే కదా నాకు చెప్పావు."

పెదనాన్న మా అందరి ముఖాలూ చూశాడు. నేనప్పటికే సాన ఆపేసి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఒకవేళ కోసినా ఆ ముక్కలకి సాన పట్టేది లేదని నోటితో అనలేదు. అనాల్సిన పని రాలేదు. ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం తిరిగొచ్చాడు. భుజం మీది కొత్త సంచిని అత్త బల్ల మీద దించాడు. "వీటికైనా పెడతావా?" అని అడిగాడు. నా ద్వారా కాదు, నేరుగా.

"వచ్చేవాటికి పెడతా" అంది అత్త. ఆ వాచిన దవడతోనే కూర్చుని సంచంతా ఖాళీ చేసింది.

మాకు నష్టం రాలేదని చెప్పను. హారం షాపువాళ్ళు వేరే చోట రాయి చూసుకున్నారు, ఆ తర్వాత మా గుమ్మం ఎక్కలేదు. పెదనాన్న చాలాకాలం ప్రతి భోజనం దగ్గరా ఆ పాట పాడాడు. అత్త వింటూ తినేది. తప్పు చేశానని ఒక్కసారీ అనలేదు, తప్పు కాదని కూడా వాదించలేదు.

రాయిని మాత్రం తన గదిలోకి తీసుకెళ్ళలేదు. కార్ఖానా వీధి కిటికీలో, మేం సాన పట్టిన రాళ్ళు పేర్చి ఉండే గాజు పెట్టెలో, వాటన్నిటి మధ్యా నిలబెట్టింది. కింద మైనం అద్దింది. నల్లసిరా వైపు వీధికి పెట్టింది.

"కనీసం అటు తిప్పి పెట్టవే" అన్నాడు పెదనాన్న.

"ఎందుకు?" అంది అత్త.

తర్వాత కొన్నాళ్ళకి పళ్ళ డాక్టరుగారు వచ్చాడు. గాజు పెట్టె ముందు అలా నిలబడిపోయాడు. కాసేపటికి లోపలికొచ్చి అత్త ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నేను చాలా చూశానండీ, ఇలాంటిది చూడలేదు. నాకివ్వండి. మా ఇంట్లో అన్నిటికన్నా పై అరలో పెడతాను" అన్నాడు. అడగడం కాదు, బతిమాలాడు. అత్త మెత్తబడిందేమో అని నాకు అనుమానం కూడా వచ్చింది. ఆవిడని అర్థం చేసుకున్న మనిషి లోకంలో ఆయనొక్కడే మరి.

"ఏ వైపు ముందు పెడతారు?" అని అడిగింది.

"సిరా అంటుకుందిగా. స్పిరిట్‌లో నానబెట్టి చూద్దాం. పోకపోతే ఆ వైపు వెనక్కి తిప్పేస్తే సరి, కనబడదు."

"అయితే ఇవ్వను."

"అందమైన వైపే ముందుండాలని మీరే కదండీ నాతో ఇన్నాళ్ళూ పోట్లాడింది."

"ఇప్పుడూ అదే అంటున్నా. దీనికి అదే అందమైన వైపు."

డాక్టరుగారు ఏం చేయాలో తెలియక, మూలన పళ్ళెంలో రాళ్ళు వేరు చేస్తున్న పెదనాన్న వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండి సార్. లోపల బీట ఉంది, పైన సిరా ఉంది. ఎలాగూ మీ పనికి రాని రాయే కదా."

పెదనాన్న తల ఎత్తలేదు. చేతిలో రాయిని పళ్ళెంలో వేశాడు.

"పనికొచ్చే రాయేనండీ" అన్నాడు. "కోతకి వస్తుంది. మేమే కొయ్యలేదు."

అత్త ఆయన వైపు చూడలేదు. గిన్నెలోంచి ఇంకో రాయి తీసి వెలుతురుకి ఎత్తింది. ఆవిడ నోరు తెరిచి ఉండటంతో మేమెవరం మాట్లాడలేదు.